కళాకారుడికి పని ఇచ్చేదెవరు?

1830 ప్రాంతంలో బందరు కలెక్టరుగా ఉన్న రాబర్ట్‌సన్ దొర ఊళ్ళో కొత్తగా ఒక పేట కట్టించి, దాని నడిమి కూడలిని అలంకరించాలనుకున్నాడు. అమరావతి స్తూపం నుంచి ముప్పయికి పైగా శిల్పఫలకాలు తెప్పించి, అక్కడొక దిబ్బ చుట్టూ నిలబెట్టించాడు. శాతవాహనుల నాటి ఆ రాతిపని అలా కొన్నేళ్ళు బందరు బజారులో, బేరాలాడే జనం మధ్య నిలిచింది. 1835లో మద్రాసు గవర్నరు ఫ్రెడరిక్ ఆడమ్ వచ్చి చూసి, వాటిని మద్రాసుకు పంపమన్నాడు. ఆ తరలింపు ఏళ్ళ తరబడి సాగి, చివరికి ఫలకాలు మద్రాసు మ్యూజియానికి చేరాయి. రాబర్ట్‌సన్‌పేట పేరు మాత్రం బందరులో ఇప్పటికీ ఉంది.

నలుగురూ తిరిగే చోట కళ ఉండాలన్న కోరిక మనకు కొత్తది కాదని ఈ ఉదంతం చెబుతుంది. దానితోపాటు మరొకటి కూడా చెబుతుంది. ఆ రోజుల్లో బందరు చుట్టుపక్కల అద్దకం గుడ్డలు ఓడలకెక్కి పరాయి దేశాలకు పోయేవి. అచ్చులు చెక్కేవాళ్ళు, రంగులు తీసేవాళ్ళు, గుళ్ళకు గచ్చుబొమ్మలు చేసేవాళ్ళు కళ్ళెదుటే ఉండేవారు. కూడలికి కావలసిన అలంకారాన్ని వాళ్ళ చేత చేయించాలన్న ఆలోచన ఆ కథలో ఎక్కడా కనిపించదు. తెచ్చినవాడు అధికారి, తీసుకుపోయినవాడు అంతకంటే పెద్ద అధికారి. ఊరు చూస్తూ ఉండిపోయింది. ఘంటసాల గ్రామపు బౌద్ధ శిల్పాల్లో కొన్ని పారిస్ గీమే మ్యూజియంలో ఉన్నాయన్న సంగతి కూడా ఈ వరసలోదే.

దిగువ కృష్ణలో కళలకు లోటు లేదు. పామిడిముక్కల మండలం పక్కనే కూచిపూడి, క్షేత్రయ్య పుట్టిన మొవ్వ, జాతీయజెండా రూపకర్త పింగళి వెంకయ్య పుట్టిన భట్లపెనుమర్రు. బందరు పక్కన పెడన, కలంకారీ ఊరు. బందరులోనే చిలకలపూడి, రోల్డుగోల్డు పనికి పేరు. గుడివాడ చుట్టుపక్కల పల్లెలు ఘంటసాల వెంకటేశ్వరరావునూ అక్కినేని నాగేశ్వరరావునూ నందమూరి తారకరామారావునూ ఇచ్చాయి. ఇంత ఉన్నా పామిడిముక్కల నుంచి అవనిగడ్డ దాకా రోడ్డు పొడవునా చూస్తే, ఈ నేల కళ ఈ నేల మీద కనిపించేది తక్కువ. విగ్రహాలు కనిపిస్తాయి, ఫ్లెక్సీలు కనిపిస్తాయి. కళాకారులను ఆదరించడం అనగానే మనకు శాలువా, జ్ఞాపిక, బిరుదు గుర్తుకొస్తాయి. నా వాదన ఒక్కటే. ఇక్కడ కళ నిలబడిన ప్రతి కాలంలోనూ కళాకారుడికి ఎవరో ఒకరు స్థిరమైన పని, దానికి తగిన బతుకుతెరువు చూపించారు. ఆ ఏర్పాటు తప్పిపోయిన చోట సత్కారాలు ఎన్ని జరిగినా కళ పలచబడింది.

కూచిపూడినే తీసుకోండి. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా పదిహేడో శతాబ్దం చివర్లో ఈ ఊరిని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడని పరంపర చెబుతుంది. 1763 నాటి పంపకాల పత్రంలో ఆ కుటుంబాల ఇంటిపేర్లు కనిపిస్తాయి. తానీషా మెచ్చి ఒక హారం వేసి పంపించి ఉంటే ఆ రాత్రితో సరిపోయేది. భూమి ఇచ్చాడు కాబట్టి తరతరాలకూ తిండి దొరికింది. దానికి బదులుగా ఒక బాధ్యత కూడా ఉండేది. ఈ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగబిడ్డా జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది సిద్ధేంద్రయోగి పెట్టిన నియమమని అక్కడివారి నమ్మకం. బతుకుతెరువుకు భూమి, భూమికి బదులు ఆట. ఇంతకంటే స్పష్టమైన ఒప్పందం ఈ ప్రాంతపు కళాచరిత్రలో మరొకటి లేదు. పైగా ఆ రోజుల్లో కూచిపూడి మేళాలు ఆడింది హాళ్ళలో కాదు. గుడి ముందో ఊరి నడుమనో పందిరి వేసి, కాగడాల వెలుగులో, రాత్రంతా ఊరందరి కోసం ఆడేవారు. ఈ రోజు మనం బహిరంగ కళ అని పేరు పెట్టుకుని మాట్లాడుతున్నది వాళ్ళకు రోజువారీ వృత్తి.

రెండో ఏర్పాటు బందరులో జరిగింది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. స్వదేశీ ఉద్యమం వేడిలో పుట్టిన ఆ సంస్థలో చదువుతోపాటు చేతిపనులూ నేర్పారు. చిత్రకళ నేర్పడానికి బెంగాలు నుంచి ప్రమోద్ కుమార్ ఛటోపాధ్యాయను పిలిపించారు. ఆయన దగ్గర తయారైనవారిలో అడివి బాపిరాజు ఒకరు. 1930లలో బాపిరాజే ఆ కళాశాలకు ప్రిన్సిపాలయ్యారు. ఇక్కడ నన్ను ఆకట్టుకునేది బొమ్మల శైలి కాదు, ఏర్పాటు తీరు. చిత్రకారుడికి నెల జీతం, శిష్యులు, పనిచేసుకునే చోటు, పక్కనే కృష్ణాపత్రిక వంటి పత్రిక ఉన్న ఊరు. ప్రభుత్వ సాయం లేకుండా, విరాళాల మీద నడిచిన సంస్థ ఒక తరం తెలుగు చిత్రకారులను తయారుచేసింది. డబ్బు లేదు కాబట్టి చేయలేమనేవారికి నేను చెప్పే మొదటి జవాబు ఇదే.

స్వాతంత్ర్యం తర్వాత ఆదరించే బాధ్యత ప్రభుత్వం మీద పడింది. కూచిపూడికి శాస్త్రీయ నృత్యంగా గుర్తింపు రావాలని బందా కనకలింగేశ్వరరావు పట్టుబట్టి తిరిగారు. 1950ల చివర్లో కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రం వెలిసింది. రాష్ట్రంలో సాహిత్య, సంగీత నాటక, లలితకళా అకాడమీలు ఏర్పడ్డాయి. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఈ అకాడమీలను రద్దు చేసింది. 1985లో వచ్చిన తెలుగు విశ్వవిద్యాలయం ఆ పనుల్లో కొన్నింటిని చేపట్టింది. కూచిపూడి కళాపీఠం కూడా దానికే చెందింది. అదే దశకంలో అదే ముఖ్యమంత్రి హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద తెలుగు వెలుగుల విగ్రహాలు పెట్టించారు. వాటిలో క్షేత్రయ్య, సిద్ధేంద్రయోగి, పింగళి వెంకయ్య, ముట్నూరి కృష్ణారావు, త్రిపురనేని రామస్వామి చౌదరి ఉన్నారు. అయిదుగురూ మన దిగువ కృష్ణవారే. నిమ్మకూరులో పుట్టిన నాయకుడికి ఈ నేల మీద ఉన్న ప్రేమను నేను శంకించను. కానీ కళాకారుల ప్రతిమలకు అప్పుడు దొరికిన స్థలం, బతికున్న కళాకారుల సంస్థలకు దొరకలేదన్నది కూడా నిజం. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమకారుల మిలియన్ మార్చ్ నాడు ఆ విగ్రహాల్లో కొన్ని ధ్వంసమయ్యాయి, తర్వాత తిరిగి పెట్టారు. మన ఊరి మహనీయులను రాజధానిలో పెట్టినప్పుడు వాళ్ళ భద్రత రాజధాని రాజకీయాల చేతిలో ఉంటుంది. ఇక రాష్ట్రం విడిపోయాక తెలుగు విశ్వవిద్యాలయం పంపకం ఏళ్ళ తరబడి తేలక, కూచిపూడి పీఠం కూడా ఆ తగాదా నీడలో పడింది.

ప్రభుత్వం తడబడిన చోట ప్రవాసులు కొంత ముందుకొచ్చారు. అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థ 2010 డిసెంబరులో హైదరాబాదులో వేలమంది నాట్యకారులను ఒకే వేదిక మీదకు తెచ్చి గిన్నిస్ రికార్డు సాధించింది. తర్వాత కూచిపూడి గ్రామాన్ని దత్తత తీసుకుంది, అక్కడ సంజీవని ఆసుపత్రి కట్టించింది. ఒక నాట్యం పేరు మీద ఒక పల్లెకు ఆసుపత్రి రావడం చిన్న విషయం కాదు. చుట్టుపక్కల మండలాల జనానికి అది అక్కరకొచ్చే ఆస్తి. రికార్డుల గురించి మాత్రం నా అభిప్రాయం వేరు. ఆరోజు వేదికనిండా అడుగులు వేసినవారిలో అత్యధికులు నేర్చుకుంటున్న పిల్లలు. వాళ్ళ ఫీజుల మీద నగరాల్లోని గురువులు బతుకుతారు. కూచిపూడిలోనే ఉండి మద్దెల వాయించే, నట్టువాంగం చేసే, రాత్రంతా కలాపం నడిపించగల మనిషికి ఏడాదికి ఎన్ని ప్రదర్శనలు దొరుకుతున్నాయన్నదే అసలు లెక్క. వెంపటి చినసత్యం అంతటి గురువు 1963లో తన అకాడమీని పెట్టింది మద్రాసులో. పని ఉన్న చోటికే కళాకారుడు పోతాడు.

పెడన కథ మరికొంత కష్టమైనది. అక్కడి కలంకారీ అచ్చుపని. నేత గుడ్డను కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరేస్తారు. టేకు చెక్కలో చెక్కిన అచ్చును పటిక ద్రావణంలో అద్ది ముద్ర వేస్తే తర్వాత అక్కడ ఎరుపు తేలుతుంది. ఇనుపముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రావణం నలుపునిస్తుంది. ఆపైన పారే నీటిలో ఉతకాలి, రాగి కాగుల్లో జాజి ఆకుతో, సురుడు చెక్కతో ఉడకబెట్టాలి, ఎండలో పరిచి ఆరబెట్టాలి. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. ఈ పనికి ఎండ, కాలువ, చెయ్యి మూడూ కావాలి. ఎన్ని రోజులు పట్టినా పోటీ మాత్రం గంటలో వందల మీటర్లు దించే మిల్లు ప్రింటుతో. చూడటానికి ఒకేలా ఉండే ఆ గుడ్డకు కూడా బజారులో కలంకారీ అన్న పేరే. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. కానీ ఆ గుర్తింపు సరుకు పేరును కాపాడుతుంది, పనివాడికి గిరాకీ తెచ్చిపెట్టదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ మధ్య ప్రభుత్వ భవనాల గోడల మీద, వంతెనల కింద కలంకారీ తీగలు, హంసలు, నెమళ్ళు వేయించడం వాడుకైంది. ఆ గుర్తింపు గుడ్డకే గాని గోడకు వర్తించదు కాబట్టి, పెడన డిజైనుతో గోడలు నిండినా పెడనకు రూపాయి చేరనక్కర్లేదు. దీనికి చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. గోడకు ఆ డిజైను కావాలనుకున్న మునిసిపాలిటీ అచ్చు చెక్కేవాళ్ళనే పిలిచి, నమూనా గీయించుకుని, దానికి డబ్బు కట్టి, ఆపైన గోడ రంగులవాళ్ళకు పని అప్పగించవచ్చు.

ఇప్పుడు విగ్రహాల సంగతి. మన పల్లెల్లో బహిరంగ కళ అంటే నూటికి తొంభై పాళ్ళు విగ్రహమే. వీటిని ఒక్క గాటన కట్టి తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. దళితవాడ మొదట్లో చేతిలో రాజ్యాంగంతో, నీలిరంగు కోటుతో నిలబడిన అంబేద్కర్ విగ్రహం అలంకారం కోసం పెట్టింది కాదు. ఈ దారి మాది కూడా అని ఆ వాడ చెప్పుకున్న మాట అది. దాన్ని చందాలు వేసుకుని, పస్తులుండి పెట్టుకున్నవాళ్ళున్నారు. దాని శిల్ప నాణ్యతను మాత్రమే లెక్కించేవాడికి ఆ ఊరి చరిత్ర తెలియదు. విగ్రహాల గిరాకీ తెలుగు శిల్పులను బతికించిందన్నది కూడా ఒప్పుకోవాలి. కోనసీమ కొత్తపేటలో రాజ్‌కుమార్ వుడయార్ శిల్పశాల, తెనాలి శిల్పశాలలు దేశమంతటికీ విగ్రహాలు పంపుతున్నాయి. స్థిరమైన పని ఉన్న చోట కళ నిలబడుతుందన్న మాటకు ఇవే నేటి సాక్ష్యం.

లోపం మరోచోట ఉంది. ఆర్డరు ఇచ్చేది ఎప్పుడూ పార్టీయో కులసంఘమో కుటుంబమో కాబట్టి, శిల్పికి మిగిలేది ఫోటో చూసి ముఖం దించడమే. చెయ్యెత్తిన భంగిమ కూడా ముందే ఖరారై ఉంటుంది. ఆవిష్కరణకు వచ్చేవారు ఎవరో, తేదీ ఏదో ముందే తేల్చి, వారాల్లో పని ముగించమంటారు. సముద్రపు గాలి తగిలే బందరు, నాగాయలంక వంటి చోట్ల కాంక్రీటు విగ్రహం లోపలి ఇనుపచువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది, పైపొర పగులుతుంది. పగిలిన చోట సిమెంటు పూసి, ప్రతి జయంతికీ బంగారు రంగో వెండి రంగో కొడతారు. అయిదారు పూతల తర్వాత ముఖం ఎవరిదో ఆ ఊరివాళ్ళకే గుర్తుండాలి. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రోడ్ల మీద, కాలిబాటల మీద, ప్రజల వాడుకలో ఉన్న స్థలాల్లో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని రాష్ట్రాలను ఆదేశించింది. కూడళ్ళు చూస్తే ఆ ఆదేశం ఎంతవరకు అమలైందో తెలుస్తుంది. మరోపక్క 2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్య మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాన్ని 81 అడుగుల పీఠం మీద ఆవిష్కరించారు. ఆ ప్రాంగణానికంతటికీ అయిన ఖర్చు 400 కోట్ల రూపాయలు దాటింది. అంబేద్కర్‌కు ఆ గౌరవం తగినదే. నేను అడిగేది, రాష్ట్రంలో ప్రతి మండలానికీ ఏటా ఒక చిన్న పని ఇచ్చే పద్దు దాని పక్కన ఎందుకు లేదని.

గోడల కథకు వద్దాం. ఒకప్పుడు బందరులోనూ గుడివాడలోనూ సినిమా హాళ్ళ బ్యానర్లు, దుకాణాల బోర్డులు, ఎన్నికల గోడరాతలు రాసే ఆర్టిస్టులు ఉండేవారు. కొలతగీత లేకుండా నిలువెత్తు అక్షరం దించగల చేతులవి. ఫ్లెక్సీ వచ్చాక వాళ్ళలో చాలామంది పని మారారు. 2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామని ప్రకటించినప్పుడు ఆ చేతులకు మళ్ళీ పని వస్తుందని ఆశ కలిగింది. ఫ్లెక్సీ పోలేదు. గోడ ఎవరిదన్న ప్రశ్న అంతకు ముందే కోర్టుకెక్కింది. పంచాయతీ భవనాలకు అధికార పార్టీ రంగులు వేయడాన్ని హైకోర్టు తప్పుపట్టగా, 2020లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఊరి గోడ ఊరిదన్న సూత్రం అలా చట్టంలో నిలిచింది. రంగులు తుడిపించిన తర్వాత ఆ గోడ మీద ఏముండాలన్న దాని మీద ఎవరూ మాట్లాడలేదు. పామిడిముక్కల వంటి మండలంలో బడి ప్రహరీలు, మంచినీళ్ళ ట్యాంకులు, బస్సు షెల్టర్లు, వీరంకిలాకు దగ్గరి కాలువగట్టు, ఇవన్నీ పని కోసం ఎదురుచూస్తున్న గోడలే.

ప్రభుత్వం ఊసే లేకుండా నడుస్తున్న బహిరంగ కళ కూడా మన దగ్గర ఉంది. బందరు దసరాకు శక్తిపటాలు కడతారు. అమ్మవారి రూపం తీర్చిన పెద్ద పటాన్ని వీపుకు కట్టుకుని, కాళి వేషం వేసి, డప్పుల దరువుకు వీధివీధినా ఆడుతూ తిరుగుతారు. ఈడేపల్లి వైపు ఆ రాత్రులు చూసినవారు మరిచిపోలేరు. పటం తయారుచేసేవాళ్ళు, మోసేవాళ్ళు, డప్పు కొట్టేవాళ్ళు, అందరికీ ఖర్చు పెట్టుకునేది వీధివాళ్ళే. బొమ్మ ఇక్కడ గోడ మీద ఉండిపోదు, ఇంటింటి గడప ముందుకూ వస్తుంది. బయటి ప్రపంచానికి బందరు దసరాను చూపించాలనుకునేవారు ముందు ఈ పటాల తయారీ వెనుకనున్న చేతులను నమోదు చేసి, ఏడాదికి ఒక్క నెల గిరాకీని నాలుగు నెలలకు పెంచే దారి వెతకాలి.

ఇతర దేశాలు ఈ సమస్యను ఎలా తీర్చుకున్నాయో చూస్తే, దాదాపు అన్నిచోట్లా జవాబు ఒకటే. కళకు డబ్బు ఎవరి దయ మీదా ఆధారపడకుండా కట్టడం ఖర్చులోనే కలిపేశారు. ఫ్రాన్సు 1951లో ప్రభుత్వ విద్యాభవనాల కట్టడం ఖర్చులో ఒక శాతం కళకు కేటాయించే నియమం తెచ్చింది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం 1959లో అలాంటి ఆదేశమే చేసింది. అదే నగరంలో 1984లో గోడల మీద రాతలు రాసే కుర్రాళ్ళను పిలిచి బొమ్మలు వేయించడంతో మొదలైన కుడ్యచిత్రాల కార్యక్రమం తర్వాత వేల గోడలకు పాకింది. అంతకు ముందే, 1930ల మాంద్యంలో అమెరికా ప్రభుత్వం నిరుద్యోగ చిత్రకారులకు జీతాలిచ్చి తపాలా కార్యాలయాల్లో, బడుల్లో బొమ్మలు వేయించింది. మనకూ ఈ ఆలోచన తెలియకపోలేదు. ప్రభుత్వ భవనాలు కట్టేటప్పుడు కొంత సొమ్ము కళాకారుల పనికి పెడితే వాళ్ళకు చేయూతగా ఉంటుందని నెహ్రూ సూచించారు. ఢిల్లీ రిజర్వు బ్యాంకు వాకిట్లో రామ్‌కింకర్ బైజ్ చెక్కిన యక్షుడు, యక్షి ఆ సూచన ఫలమే. ఆ పనికి పదేళ్ళకు పైగా పట్టింది, 1967లో పూర్తయింది. శిల్పికి అంత వ్యవధి ఇచ్చినవాళ్ళున్నారు కాబట్టే అవి ఇప్పటికీ చూడదగ్గవిగా ఉన్నాయి.

అదే ఢిల్లీలో చేదు ఉదాహరణ కూడా ఉంది. విజ్ఞాన్ భవన్ గోడకు అమర్‌నాథ్ సెహగల్ ఏళ్ళ తరబడి చేసిన పెద్ద కంచు శిల్పాన్ని 1979లో మరమ్మతుల పేరుతో ఊడదీసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెళ్ళారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలను ఆయనకు తిరిగి ఇమ్మంది, అయిదు లక్షల పరిహారం కూడా విధించింది. కొన్నవాడికి కూడా కళాఖండాన్ని పాడుచేసే హక్కు లేదని కాపీరైటు చట్టం 57వ సెక్షను ఆధారంగా చెప్పిన తీర్పు అది. మన పంచాయతీలూ మునిసిపాలిటీలూ గోడ మీద బొమ్మ వేయించి, రెండేళ్ళకు సున్నం కొట్టేసేటప్పుడు ఈ తీర్పు గుర్తుంచుకోవాలి.

డబ్బు ఎక్కడుందన్న ప్రశ్న వస్తుంది. బందరు ఓడరేవు పనులకు 2023 మే 22న శంకుస్థాపన జరిగింది. అంచనా 5,156 కోట్లు. అందులో ఒక శాతమంటే 51 కోట్లు దాటుతుంది. అంత అక్కర్లేదు, శాతంలో పదోవంతు పెట్టినా అయిదు కోట్లకు పైమాటే. ఒకప్పుడు కలంకారీ గుడ్డను ప్రపంచానికి ఎగుమతి చేసిన రేవు మళ్ళీ కడుతున్నప్పుడు, దాని ప్రవేశద్వారం మీద, పరిపాలన భవనం మీద, ప్రయాణికులు నడిచే దారుల్లో పెడన చేతిపని లేకపోతే అది మన తప్పు. రెండో దారి 2013 కంపెనీల చట్టం. 135వ సెక్షను కింద పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. ఏడో షెడ్యూలులో కళలు, సంస్కృతి, సంప్రదాయ హస్తకళల అభివృద్ధి స్పష్టంగా ఉన్నాయి. బందరులో భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారం ఉంది, ఉయ్యూరులో చక్కెర పరిశ్రమ ఉంది. అడిగేవారు ప్రతిపాదన పట్టుకుని వెళ్ళాలి. మన సంఘాలు విరాళం అడగడంలో చూపే చురుకు, పనికి అంచనా వేసి, నమూనా గీసి, పత్రం తయారుచేయడంలో చూపవు. పింఛను సంగతికొస్తే, 2024 జులై నుంచి డప్పు కళాకారులకూ సంప్రదాయ కళాకారులకూ నెలకు నాలుగు వేలు అందుతోంది. వయసు మీరినవారికి అది అన్నం. నలభై ఏళ్ళ అచ్చుపనివాడికీ పాతికేళ్ళ మద్దెలవాడికీ కావలసింది పింఛను కాదు.

గోడల మీద, కూడళ్ళలో ఏం వేయాలన్నది కూడా మన చరిత్రే చెబుతుంది. దివిసీమ సంగతి తీసుకోండి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో పదివేలమంది దాకా పోయారని ప్రభుత్వ లెక్క, అంతకు చాలా ఎక్కువేనని సీమ జనం మాట. దానికి నూట పదమూడేళ్ళ ముందు, 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో ముప్పై వేలమంది చనిపోయారని నాటి అంచనా. స్మారక స్థూపాలున్నాయి, ఏటా నవంబరులో పూలదండలు పడతాయి. అయితే అప్పుడు పుట్టని పిల్లలకు స్థూపం ఏమీ చెప్పదు. జపానులో సునామీలు వచ్చిన తీరంలో, నీళ్ళు ఎంతవరకు వచ్చాయో గుర్తుచేస్తూ, దానికి దిగువన ఇళ్ళు కట్టొద్దని చెక్కిన రాళ్ళు తరాలుగా ఉన్నాయి. అనెయోషి పల్లె ఆ రాతి మాట విని కొండమీద ఇళ్ళు కట్టుకుని 2011 సునామీలో నిలిచింది. నాగాయలంక, కోడూరు మండలాల్లోని తుఫాను షెల్టర్ల మీద, బడి గోడల మీద ఆనాటి నీటిమట్టం గీత ఎక్కడిదాకా వచ్చిందో ఆ గ్రామాల్లో బతికి బయటపడినవారిని అడిగి గీయించి, వాళ్ళు చెప్పిన సంగతులను కలంకారీ బొమ్మల వరసగా చిత్రింపజేస్తే, అది ఊరికి అలంకారం, హెచ్చరిక, పనివాళ్ళకు ఒక సీజను పని కూడా. చెప్పగలిగినవాళ్ళ వయసు పైబడుతోంది కాబట్టి ఇది వాయిదా వేయదగ్గ పని కాదు.

ఏ బొమ్మ ఎక్కడ వేయాలో తేల్చేవారెవరన్న ప్రశ్న మీదే ఇలాంటి పనులు ఎక్కువగా చెడిపోతాయి. అధికారి ఒక్కడే తేలిస్తే రాబర్ట్‌సన్ కథ అవుతుంది, నాయకుడు తేలిస్తే విగ్రహం అవుతుంది. నాకు తోచిన పద్ధతి ఇది. మండలానికి ఒక చిన్న సంఘం ఉండాలి. అందులో ఇద్దరు పని తెలిసిన కళాకారులు, ఒక డ్రాయింగు మాస్టారు, పంచాయతీ నుంచి ఒకరు, ఆ గోడ పక్కన కాపురమున్నవారిలో ఒకరు. పని కావాలని బహిరంగంగా ప్రకటించి, వచ్చిన నమూనాలను పది రోజులు బడిలోనో గ్రంథాలయంలోనో పెట్టి జనం చూసేలా చేయాలి. మొదటి విడత డబ్బు పని మొదలయ్యే ముందే ఇవ్వాలి, ఎందుకంటే రంగులకు, మేస్త్రీకి, పరంజాకు పెట్టుబడి పెట్టగల స్తోమతు ఈ కళాకారుల్లో చాలామందికి లేదు. బిల్లు ఏళ్ళ తరబడి తిరగాల్సి వస్తుందన్న భయంతోనే మంచి చేతులు ప్రభుత్వ పనులకు దూరంగా ఉంటున్నాయి.

చివరగా మన్నిక. డెల్టాలో వాన, ఉక్కపోత, తీరానికి దగ్గరైతే ఉప్పుగాలి. సరైన ప్రైమరు లేకుండా సిమెంటు గోడ మీద వేసిన ఎనామిలు రంగు రెండు మూడు వానాకాలాల్లోనే పొట్టు లేస్తుంది. కనుక తీరం దగ్గర గోడలకు బయటి వాడకానికి చేసిన అక్రిలిక్ రంగులో, లేదా పింగాణీ పెంకుల కూర్పో, మట్టి కాల్చిన పలకలో వాడాలి. రాతిపని అన్నిటికంటే ఎక్కువకాలం ఆగుతుంది, ఖర్చూ ఎక్కువే. ఏ పనైనా సరే, ఒప్పందంలోనే మూడేళ్ళకోసారి మరమ్మతు, దానికి విడిగా కేటాయించిన సొమ్ము ఉండాలి. ఆ మరమ్మతు మొదట చేసిన కళాకారుడికే, ఆయన లేకపోతే ఆయన దగ్గర నేర్చుకున్నవారికే దక్కాలి. మన గుళ్ళ గోపురాల మీది గచ్చుబొమ్మలు ఇన్ని తరాలు నిలవడానికి కారణం అదే. కుంభాభిషేకానికోసారి అదే పనివాళ్ళ వారసులు ఎక్కి, విరిగిన చేతులు అతికి, రంగులు దిద్ది దిగేవారు. ఆ పని పద్దు గుడి లెక్కల్లో ముందే ఉండేది. పామిడిముక్కల పంచాయతీ వచ్చే ఏడాది పద్దులో ఒక ట్యాంకుకు, ఒక బడి గోడకు, మూడేళ్ళ తర్వాతి మరమ్మతుకు కలిపి ఒక వరస రాసుకోగలిగితే పని మొదలైనట్టే.